శశిరేఖలో దాగిన ఘటోత్కచుడు

సావిత్రి పేరెత్తితే మాట నటన దగ్గర మొదలై నాలుగు నిమిషాల్లో మద్యం దగ్గరికి, అప్పుల దగ్గరికి, చివరికి ఆసుపత్రి మంచం దగ్గరికి వెళ్లిపోతుంది. దమ్మామ్‌లో ఉండే తెలుగువాళ్ల దగ్గరా అంతే. ఇక్కడ దానికి ఇంకో కారణం కూడా ఉంది. 1980ల తొలినాళ్ల నుంచి 2018 దాకా సౌదీలో సినిమా హాళ్లు లేవు. 1986లో కింగ్ ఫహద్ వంతెన తెరిచాక పాతిక కిలోమీటర్లు దాటి బహ్రెయిన్‌లో సినిమా చూసొచ్చే వీలు కలిగింది గానీ, అది ఎగ్జిట్ రీఎంట్రీ వీసా చేతిలో ఉన్నవాళ్ల మాట. క్యాంపు గదుల్లో ఉన్నవాళ్లకు సావిత్రి క్యాసెట్లలోనూ, ఆ తర్వాత డిష్ టీవీల్లోనూ దొరికింది. ఇప్పుడు ఫోన్లో ముక్కలు ముక్కలుగా దొరుకుతోంది. 2018 ఏప్రిల్ 18న రియాద్‌లో మళ్లీ సినిమా తెర వెలిగింది. సరిగ్గా మూడు వారాలకు, మే 9న, సావిత్రి జీవితం మీద తీసిన ‘మహానటి’ విడుదలైంది. దాంతో ఇక్కడి కుర్రకారులో చాలామందికి ముందు ఆమె కథ తెలిసింది, సినిమాలు ఆ తర్వాత. ఈ వరస మార్చాలని నా వాదన. కన్నీళ్ల సావిత్రిని కాసేపు పక్కన పెట్టి చూస్తే, ఆమె అసలు పనితనం ఒక్కచోట పోగుపడి కనిపిస్తుంది: నటిస్తున్న మనిషిని నటించడంలో.

‘మాయాబజార్’ (1957) చూడండి. అందులో ఆమె శశిరేఖ. సగం నుంచి శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు కూడా ఆమే. అంటే ఒక ఆడమనిషి, ఆడవేషం కట్టిన మగరాక్షసుణ్ణి ఆడాలి. అతగాడు మరీ మంచి నటుడు కాకూడదు, మరీ చెడ్డ నటుడూ కాకూడదు. దొరికిపోతే కథ లేదు, అసలు దొరక్కపోతే నవ్వు లేదు. పెళ్లిపాటలో సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు దూరినప్పుడల్లా సావిత్రి భుజాలు వెడల్పవుతాయి, చెయ్యి లేని మీసం వైపు పోతుంది, నడకలో ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావు బరువు దిగుతుంది. ఎవరో చూస్తున్నారనిపించగానే అదంతా సిగ్గులోకి సర్దుకుంటుంది. ఆ సర్దుకోవడం మళ్లీ అసలు శశిరేఖ సిగ్గులా ఉండదు. రాక్షసుడు ఊహించుకున్న ఆడపిల్ల సిగ్గులా, ఒక పిసరు ఎక్కువగా ఉంటుంది. ఆ పిసరే పనితనం. పెళ్లికొడుకు వేషంలోని రేలంగి కాలు తొక్కే ముందు ఆ ముఖంలో ఉన్న అమాయకత్వాన్ని ఏ రాక్షసుడూ అంత శ్రద్ధగా నేర్చుకుని ఉండడు!

ఇదొక్కటే అయితే పాత్ర కలిసొచ్చిందని సరిపెట్టుకోవచ్చు. కానీ అంతకు రెండేళ్ల ముందే ‘మిస్సమ్మ’ (1955) ఉంది. భానుమతి తప్పుకోవడంతో చేతికొచ్చిన పాత్ర అది. ఉద్యోగం కోసం భార్య వేషం వేసిన మేరీ నలుగురిలో ఒకలా, తలుపు మూశాక ఇంకోలా ఉండాలి. పైగా ఆమె అబద్ధంగా కట్టిన వేషమే ఆమె అసలు పుట్టుకని చివర తేలుతుంది. ‘నర్తనశాల’ (1963)లో ద్రౌపది సైరంధ్రి వేషంలో ఉంటుంది. రాణి పొగరును దాసి వంగిన మెడలో దాచాలి, పూర్తిగా దాచనూ కూడదు. ‘చివరకు మిగిలేది’ (1960) ఈ వరసకు కొస. బెంగాలీలో సుచిత్రా సేన్ చేసిన ‘దీప్ జ్వేలే జాయ్’ కథ అది. మానసిక రోగికి నయం చేయడానికి ప్రేమ నటించే నర్సు, ఏది నటనో ఏది నిజమో తెలియని చోటికి తానే జారిపోతుంది. రాష్ట్రపతి బహుమతి సావిత్రికి ఈ పాత్రకే వచ్చింది.

ఇదంతా రాసినవాళ్ల గొప్ప, తీసినవాళ్ల గొప్ప అనేవాళ్లున్నారు. రచయితలు చక్రపాణి, పింగళి లేకపోతే ఆ పాత్రలే లేవు, ఒప్పుకుంటాను. స్టాప్‌వాచ్ పట్టుకుని సీను నిడివి కొలిచే దర్శకుడని ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డికి పేరు కూడాను. అయితే స్టాప్‌వాచ్ సీను ఎంతసేపో చెబుతుంది. ఆ సేపట్లో కళ్లు ఎప్పుడు రాక్షసుడివో, పెదవులు ఎప్పుడు శశిరేఖవో చెప్పదు. ఇంకో మాట: 1958లో హిచ్‌కాక్ ‘వర్టిగో’లో కిమ్ నొవాక్ దాదాపు ఇలాంటి పనే చేసింది, ఒక స్త్రీగా నటిస్తున్న మరో స్త్రీని ఆడింది. ఆమెది కొయ్యబొమ్మ నటన అని చాలాకాలం తీసిపారేశారు. ఆ బిగువు పాత్రదేనని విమర్శకులు తీరిగ్గా గ్రహించారు. 2012లో సైట్ అండ్ సౌండ్ పత్రిక విమర్శకుల ఓటింగులో ఆ సినిమాకే మొదటి స్థానం దక్కింది. రెండు పొరల నటనకు ఆ చిక్కుంది, బాగా చేస్తే దర్శకుడి ఖాతాలో పడుతుంది.

మరి ‘దేవదాసు’ (1953) పార్వతి? అక్కడ వేషం లేదు కదా, ఉన్నదంతా కన్నీరే కదా అంటారు. నాకలా అనిపించదు. ఈడొచ్చిన పిల్లలున్న జమీందారు ఇంట్లో రెండో పెళ్లి గృహిణిగా సర్దుకున్న పార్వతి, సినిమాలో సగం సేపు ఏడుపును దాచే మనిషే. చివరి పరుగు గుండెల్ని తాకేది అంతవరకూ ఆ దాచడం నిలబెట్టినందుకే. జీవితం తెలిస్తేనే నటన అర్థమవుతుందన్న మాట మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేను. ‘మహానటి’ వల్లే ఎందరో పాత సినిమాలు వెతుక్కున్నారు, అది ఆ సినిమా చేసిన మేలే. చిక్కల్లా, జీవితం తెలిశాక ప్రతి కన్నీటి బొట్టులోనూ మనం ఆమె కష్టాన్నే చూస్తాం. 1953లో ఆ కష్టాలు ఇంకా రానేలేదు. 1950లో ‘సంసారం’లో కథానాయిక వేషం చేజారి, చిన్న వేషంతో సరిపెట్టుకుని, ‘పాతాళభైరవి’లో ఒక్క నాట్యానికి పరిమితమై, మూడేళ్లలో పార్వతి దాకా వచ్చిన అమ్మాయి నేర్చుకున్న పని అది.

ఈ శుక్రవారం సెలవు రోజు ‘మాయాబజార్’ పెళ్లిపాటను ఫోన్లో ఒక్కసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. ఘంటసాల గొంతు వినపడకపోయినా ఘటోత్కచుడు ఎక్కడెక్కడ బయటికి వస్తున్నాడో మీకే తెలుస్తుంది. చూసేది 2010లో రంగులద్దినది కాకుండా, మార్కస్ బార్ట్లే తీసిన నలుపు తెలుపుది అయితే మేలు.