ఎలక్ట్రానుకు ఛాయాచిత్రమా?

అటోసెకండు కాంతి స్పందాలను గురించి వ్రాసేవారు చాలమంది వాటిని ఎలక్ట్రాన్లను ఫోటో తీసే కెమెరాతో పోల్చుతున్నారు. ఈ ఉపమానం సులభమైనదే. కాని అసలు విషయాన్ని అది మరుగుపరచుచున్నది.

సెకండును వందకోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని తిరిగి వందకోట్ల భాగాలు చేసినచో వచ్చేది ఒక అటోసెకండు. 1987లో ఆన్ లుయిలియే బృందం పరారుణ లేసరు కాంతిని జడవాయువులోనికి పంపగా, దాని పౌనఃపున్యానికి అనేక రెట్లు గల కాంతి వెలువడినది. ఆ తరంగాల కలయిక నుండియే 2001లో పియెర్ అగోస్తినీ 250 అటోసెకండ్ల స్పందాల వరుసను, ఫెరెన్స్ క్రౌజ్ 650 అటోసెకండ్ల ఒంటరి స్పందాన్ని సాధించినారు. ఈ ముగ్గురికి 2023లో నోబెల్ బహుమతి లభించినది.

ఇందులో ఎలక్ట్రాను బొమ్మ ఎక్కడా పడదు. స్పందం పరమాణువు నుండి ఎలక్ట్రానును వెడలగొట్టును. తోడుగా పంపిన పరారుణ కాంతి, అది వెలువడిన క్షణాన్నిబట్టి దాని వేగాన్ని పెంచును, లేదా తగ్గించును. శాస్త్రజ్ఞులు కొలిచేది ఎలక్ట్రాను శక్తిని. కాలము దాని నుండి గణించి తెలుసుకొనేది.

ఈ భేదము చిన్నది కాదు. 2010లో జర్మనీలోని క్రౌజ్ బృందం, నియాన్ పరమాణువులో 2పి ఎలక్ట్రాన్లు 2ఎస్ ఎలక్ట్రాన్లకంటె సుమారు 21 అటోసెకండ్లు ఆలస్యంగా వెలువడునని ప్రకటించినది. సిద్ధాంతకర్తల లెక్కలకు అందులో సగమైనా అందలేదు. లోపం సిద్ధాంతానిదా, ప్రయోగానిదా? 2017లో స్వీడనులోని లుండ్‌లో లుయిలియే బృందం శక్తులను మరింత సూక్ష్మంగా వేరుచేసి కొలిచినది. కొన్నిచోట్ల ఒక ఎలక్ట్రాను వెడలునపుడు మరొకటి పై స్థాయికి ఎగురును. అట్లు వెలువడిన ఎలక్ట్రాన్ల శక్తి 2ఎస్ వాటి శక్తికి చేరువగా ఉండుటచే రెండును కలిసిపోయినవని తేలినది. వాటిని వేరుచేయగా కొలతయు సిద్ధాంతమును ఏకీభవించినవి.

ఛాయాచిత్రమే అయినచో ఏడేండ్ల వాదమెందుకు? అడుగుజాడలను చూచి మనిషి నడకను అంచనా వేయుట దీనికి తగిన ఉపమానం. ఇద్దరి జాడలు కలిసినచో అంచనా తప్పును, విడదీసినచో సరిపడును. ఉపమానం లేనిదే సామాన్య పాఠకునికి శాస్త్రం చేరదు, నిజమే. అయితే కొలత ఎక్కడ పొరపడగలదో కూడ తెలిపే ఉపమానమే పాఠకునికి మేలు చేయును.