రెండు ఎరుపుల మధ్య

ఎరుపు ఎంచేటప్పుడు షేడ్ కార్డును నమ్మి డబ్బా కొనకూడదు. శామీర్‌పేటలో మా కొత్తింటి ముందుగదికి మిగిలిన రెండు ఛాయలూ కార్డు మీద కవలల్లా ఉన్నాయి. ఒకటి కాస్త చిక్కగా కుంకుమ వైపు మొగ్గుతుంది, ఇంకోటి జాజు వైపు. దుకాణంలో ట్యూబులైటు కింద ఇంట్లో అందరి ఓటూ కుంకుమకే పడింది.

పెయింటర్ మాత్రం ఒప్పుకోలేదు. "దుకాణంల లైటు మీ ఇంట్ల ఉండదు గదమ్మా, గోడకు కొట్టి చూద్దాం" అన్నాడు. చిన్న డబ్బాలు కలిపించుకొచ్చి, ప్రైమర్ గోడ మీద రెండు చదరాలు రెండేసి కోట్లు వేశాడు. ఎమల్షన్ ఆరితే ముదురుతుంది కాబట్టి తడి మీద తీర్పు చెప్పొద్దన్నాడు.

పగలు రెండూ బాగున్నాయి. పొద్దు వాలాక, లైటు వేయకముందు, కుంకుమ చదరం దాదాపు నల్లబడింది. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటికి ముందు చీకటయ్యేది ఎరుపే. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దం తొలినాళ్లలోనే గమనించిన సంగతి ఇది. శాస్త్రంలో దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. మేం ఆ గదిలో కూర్చునేదే సాయంత్రాలు. ఇక మధ్యాహ్నపు అందం ఎవరికోసం?

జాజుకు ఎరుపునిచ్చేది ఐరన్ ఆక్సైడ్. మేడ్చల్ చుట్టూ ఉన్న ఎర్ర చల్కా నేలల రంగూ అదే ఇనుము చలవ. పండగొస్తే గడపలకు, అరుగులకు జాజు పూసి, దాని మీద తెల్లగా ముగ్గు వేసిన ఇళ్లంటే నాకు ప్రాణం. ఆ అందాన్ని నా గోడ మీద ఉంచుకోవాలనే కోరిక నా ఎంపికలో ఉంది. వేరే కారణమూ ఉంది. ఐరన్ ఆక్సైడ్ ఎండకు వెలవదు. మెరిసే ఎరుపుల్లో చాలావాటికి వాడే సేంద్రియ రంగుపొడులు అంతగా ఎండకు ఆగవు, కింది తెలుపునూ సరిగా కప్పవు. వాటికి ముందు బూడిదరంగు ప్రైమర్ పడాలి, పైన ఇంకో కోటు కావాలి. మా గోడకేమో పడమటి ఎండ నేరుగా తగులుతుంది.

జాజు ఛాయే ఖాయం చేశాం, అదీ ఒక్క గోడకే. నాలుగు గోడలూ ఎర్రగా ఉంటే ఒకదాని రంగు ఇంకోదాని మీద పడి, కార్డులో చూసినదానికన్నా చిక్కగా కనిపిస్తుంది. ఎదుటి తెల్లగోడకూ కొంత ఎరుపు అంటుతుంది కాబట్టి, కర్టెన్ల గుడ్డ ఎంచేది రంగు పూర్తిగా ఆరాకే.