ఎడమవైపు స్పోకులు

తేలికపాటి రోడ్ సైకిల్లో స్పోకు తెగిందంటే అది చాలాసార్లు వెనక చక్రంలో ఎడమవైపుదే అయ్యుంటుంది. చెయిన్ లాగేది కుడివైపు కాబట్టి అటే తెగాలి కదా అనిపిస్తుంది. జరిగేది వేరు. పదకొండు గేర్ల కేసెట్‌కి చోటివ్వడం కోసం హబ్బు కుడి అంచును లోపలికి జరుపుతారు. అయినా రిమ్ము నట్టనడుమే నిలవాలంటే కుడి స్పోకుల్ని బాగా బిగించి, ఎడమవాటిని ఇంచుమించు సగం బిగువులో ఉంచక తప్పదు. కొంప ముంచేది ఆ వదులే.

స్పోకు ఎక్కువ బిగిస్తే తెగుతుందనే భయం మెకానిక్కుల్లో కూడా ఉంది. నిజానికి చాలావాటిని తెంపేది వదులుతనం. అమెరికన్ ఇంజనీర్ జాబ్స్ట్ బ్రాంట్ 1981లో వచ్చిన 'ది బైసికిల్ వీల్' పుస్తకంలో ఈ లెక్కంతా విప్పి చూపించాడు. సీటు మీద కూర్చున్న మన బరువుకి నేలవైపున్న స్పోకుల బిగువు తగ్గుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ప్రతి స్పోకూ ఒకసారి సడలి మళ్లీ బిగుసుకుంటుంది. చుట్టుకు 2.1 మీటర్లు వేసుకుంటే, 200 కిలోమీటర్ల బ్రెవే అనే దూర సవారీలో దాదాపు 95 వేల సార్లు. మొదట్లోనే గట్టిగా బిగించిన స్పోకు దీన్ని ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది. వదులుది మాత్రం గుంత తగిలినప్పుడల్లా పూర్తిగా జావగారిపోతుంది, రిమ్ము దగ్గర దాన్ని బిగించే నిపుల్ తనంతట తనే తిరుగుతుంది, నులక సడలిన మంచంలోలాగా భారమంతా పక్కవాటి మీద పడుతుంది. చివరికి హబ్బు దగ్గరి వంపులో పుటుక్కుమంటుంది.

"అన్నా, రెండు చక్రాలు కలిపి పదిహేను వందల గ్రాములేనంట. రేటు గూడ తక్కువే. తీస్కోనా?" అని హైదరాబాద్ కుర్రాళ్లు అడుగుతుంటారు. ఆ రేటు ఎక్కడ తగ్గిందో కనుక్కోమంటాను. బలం, తేలిక, చౌక, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయని సైకిల్ విడిభాగాలు చేసిన కీత్ బాంట్రేజర్ పేరు మీద ఒక మాట చెలామణిలో ఉంది. మంచి మాటే గానీ, అందులో పనివాడి కూలి లెక్కకు రాలేదు. 430 గ్రాముల అల్యూమినియం రిమ్ము, నడుమ 1.8 మిల్లీమీటర్లకు సన్నబడిన స్టీలు స్పోకులు, సీల్డ్ బేరింగుల హబ్బు: వీటిలో ఏదీ బలహీనమైన సరుకు కాదు, ఆకాశాన్నంటే ధరా కాదు. నేను చూసిన చవక చక్రాల్లో కోత పడింది చివరి అరగంట పనికే. స్పోకులన్నీ సమానంగా బిగిశాయా లేదా చూడడం, వాటిని జంటలుగా పట్టుకుని అరచేతులు ఎర్రబడేలా నొక్కడం, మళ్లీ బెండు తీయడం. ఒక స్పోకు అతిగా బిగిసి, దాని పక్కది వదులుగా ఉన్నా కొత్త రిమ్ము బాణంలా తిన్నగానే తిరుగుతుంది. మోసపోయేది అక్కడే. ఒకవైపు స్పోకుల్ని గోటితో వరసగా మీటి చూడండి. ఒకటి టింగుమని, ఇంకోటి డబ్బుమంటే పని పూర్తి కాలేదన్నమాట.

టెన్షన్ మీటరున్న మనిషి చేతిలో పెట్టి, రిమ్ము ఒప్పుకునే మేరకు కుడివైపు 100 నుంచి 120 కిలోల బిగువు తెప్పిస్తే ఆ చవక చక్రమే మన్నుతుంది. పనికిచ్చే డబ్బు కూడా ధరలో కలుపుకునే బేరమాడాలి.

స్పోకులు తగ్గించి సాధించిన తేలికను మాత్రం ఏ చేతిపనీ కాపాడలేదు. ఎనిమిది స్పోకులు తీసేస్తే నిపుల్స్‌తో సహా తగ్గేది యాభై గ్రాములు. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లాక 32 స్పోకుల చక్రంలో ఒకటి తెగితే, పానాతో పక్కవాటిని కాస్త సర్ది మెల్లగా తొక్కుకుంటూ పోవచ్చు. 20 స్పోకులదైతే రిమ్ము బ్రేకుకో ఫ్రేముకో రాసుకుని కదలనివ్వదు. ఆ అడవిలో సైకిల్ షాపెక్కడిది?

ఇంతకీ లాభమెంత? మనిషీ సైకిలూ కలిసి 84 కిలోలనుకుంటే, 400 గ్రాములు తగ్గించినా అర శాతం లేదు. గంటసేపు ఎక్కే ఘాట్‌లో మహా అయితే పదిహేడు సెకన్లు. పందెం గెలవాల్సినవాడికి అవి కావాలి. ఆదివారం అనంతగిరి ఎక్కి ఇడ్లీ తినొచ్చేవాళ్లకి ఎందుకో నాకు అర్థం కాదు. (చవక కార్బన్ రిమ్ములకు రిమ్ బ్రేకులైతే ఆ ఘాట్ దిగేటప్పుడు వేడి గండం కూడా ఉంది. వాటి జోలికి పోవద్దనే చెబుతాను.)

అరవై కిలోల మనిషికి వెనక 24 స్పోకులు చాలు. ఎనభై దాటితే 28కి తగ్గొద్దు, 32 అయితే ఇంకా నయం. ఫ్రేములో చోటుంటే 23 మిల్లీమీటర్ల టైర్లు తీసేసి 28వి వేసుకోండి, గాలి కాస్త తక్కువ పట్టొచ్చు కాబట్టి స్పీడ్ బ్రేకర్ల దగ్గర, మ్యాన్‌హోల్ మూతల దగ్గర రిమ్ము సొట్టపోదు. కొనేముందు స్పోకులు మామూలు వంపువా, వంపు లేని స్ట్రెయిట్ పుల్‌వా అని చూడండి. రెండో రకానివి మన దుకాణాల్లో విడిగా దొరకడం కష్టం. అవే కొంటే మాత్రం, ప్రతి పొడవులోనూ రెండేసి స్పోకులు అదనంగా ఇమ్మని డబ్బు చేతికిచ్చే ముందే అడగండి.