ఆశకే మొదటి మాట

తృప్తి మీద పాట రాయడం కష్టం. రెండో చరణానికల్లా అది సుద్దులు చెప్పడం మొదలుపెడుతుంది, వినేవాడు లేచి వెళ్లిపోతాడు. పాటలు రాసే నేను ఈ గండం దగ్గర ఆగినప్పుడల్లా ‘ఎ శాటిస్‌ఫైడ్ మైండ్’ వింటాను. రెడ్ హేస్, జాక్ రోడ్స్ కలిసి రాసిన అమెరికన్ కంట్రీ పాట ఇది. మిస్సోరీకి చెందిన పోర్టర్ వాగనర్ గొంతులో 1955లో కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అదే ఏడాది జీన్ షెపర్డ్ కూడా పాడింది.

ఇందులోని మాటలు చాలావరకు అమ్మ నోట విన్నవేనని హేస్ చెప్పాడు. లోకంలో అందరికన్నా ధనవంతుడెవరని ఒకరోజు మామగారు అడిగారట. అల్లుడు ఏవో పేర్లు చెప్పాడు. కాదు, మనసు నిండినవాడు అన్నారాయన. ఇంట్లో పెద్దల నోట నలిగిన మాట కాబట్టే పాటకు పుస్తకం వాసన అంటలేదు.

నన్ను పట్టి నిలిపేది మాత్రం ఎత్తుగడ. పాట తృప్తితో మొదలవదు. పరాయివాడి సంపద చూసి ‘ఆ డబ్బు నాకుంటేనా’ అని మనమంతా అనుకునే మాటనే ముందు వినిపిస్తుంది, దాన్ని వెక్కిరించదు. ఆ తర్వాతే పాడేవాడు తన సంగతి విప్పుతాడు: డబ్బూ పేరూ చూశాడు, అన్నీ పోయాయి. తనంతట తాను వదులుకోలేదు, పోయాయి. కీలకమంతా అక్కడే ఉంది. త్యాగం చేసినవాడికైతే దండం పెట్టి పక్కకు తప్పుకుంటాం. పోగొట్టుకున్నవాడి పక్కన కూర్చుంటాం. నడక కూడా తొందరలేని వాల్ట్జ్, మన తిశ్రంలా మూడేసి దెబ్బలు.

తర్వాత ఎందరో పాడారు. బాబ్ డిలన్ 1980లో ‘సేవ్డ్’ ఆల్బమ్‌ను దీనితోనే మొదలుపెట్టాడు. జానీ క్యాష్ పాడినది, ఆయన పోయిన మరుసటి ఏడాది, 2004లో ‘కిల్ బిల్’ సినిమా రెండో భాగంలో వినిపించింది. క్యాష్ గొంతులో బతుకంతా ఉంది, కాదనను. నా ఓటు మాత్రం వాగనర్‌కే. మాంసం కొట్టులో పనిచేసి వచ్చిన మనిషి, పాట పేలేనాటికి 28 నిండలేదు. పోగొట్టుకోవడానికి అప్పటికింకా పెద్దగా ఏమీ కూడబెట్టలేదు. అన్నీ పోయాయని పాడుతున్నా, అవన్నీ కావాలన్న కోరిక ఆ గొంతులో దాగదు. క్యాష్ దగ్గర ఆ కోరిక చల్లారిపోయింది, వాగనర్ దగ్గర ఇంకా వేడిగానే ఉంది. పాట ఆ వేడి అడుగుతుంది.