దురద పోయిన తామర

గజ్జలలోను నడుముచుట్టును వలయములుగా పాకి, అంచున ఎఱ్ఱగా పొంగి, నడుమ మాత్రము మానినట్లు భ్రమ గొల్పు తామరతో నా యొద్దకు వచ్చువారిలో పెక్కుమంది ముందుగా వ్యాధిని చూపరు. చేతిసంచిలోనుండి, పిండి పిండి చదునైపోయిన మందుగొట్టము నొకదానిని తీసి, “ఇది రాసినన్నాళ్ళూ బాగుంటుందండీ, మానేస్తే మళ్ళీ వచ్చేస్తుంది” అని చెప్పుదురు.

ఆ గొట్టములో శిలీంధ్రనాశకముతోపాటు క్లోబెటసాల్ వంటి తీవ్రమైన స్టిరాయిడు కలిసియుండును. అది దేహము యొక్క ప్రతిఘటనను అణచివేయుటచే ఎఱుపు తగ్గి, దురద చల్లారును గాని, శిలీంధ్రము చర్మపు పైపొరయందలి కెరటినును తినుచు నిశ్చింతగా వ్యాపించును. వలయమునకు ఆకారము చెడి, వైద్యుడును పోల్చుకొనలేని దశ వచ్చును. తొడలపై పడిన చారలు మరి పోవు. బ్రిటిషు వైద్యులు 1968లోనే వర్ణించిన ఈ విపరీతము నేడు మనకు నిత్యదర్శనమైనది.

సందేహము కలిగినపుడు, బ్లేడుతో వలయపు అంచునుండి (నడుమ గీకిన ప్రయోజనము లేదు) పొట్టును గాజుపలకపై రాల్చి, పొటాషియం హైడ్రాక్సైడు చుక్క వేసి, చర్మకణములు కరుగువరకు ఆగి, సూక్ష్మదర్శినిలో శాఖోపశాఖలుగా చీలిన సన్నని పారదర్శక తంతువులను రోగికే చూపుదును. కన్నులార చూచినవాడు మందును నడుమ మానుట అరుదు. నా ఉపన్యాసములకు అంత శక్తి లేదు.

పిల్లల తలలో పుట్టు తామరను చుండ్రనుకొని నూనె రాచుట మరియొక పొరపాటు. శిలీంధ్రము వెండ్రుక మొదటిలోనికి చొచ్చియుండును గనుక పూత చాలదు, కడుపులోనికి మందు కావలయును. 1958 ప్రాంతమున గ్రిసియోఫుల్విన్ వాడుకలోనికి రాకమునుపు, ఐరోపాలో ఎక్స్‌కిరణములతో పిల్లల వెండ్రుకలు రాల్చెడివారు!

మందులున్న కాలమున మనము వానినే నిర్వీర్యము చేసికొనుచున్నాము. టెర్బినాఫిన్ అను శిలీంధ్రనాశకమునకు తరచు లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినియే అను శిలీంధ్రజాతికి 2020లో నామకరణము జరిగినది. అది మన దేశమును దాటి ఐరోపా, అమెరికాలలోను కనబడుచున్నది. చీటీ లేనిదే పెక్కు స్టిరాయిడు పూతలను అమ్మరాదని 2018లో ప్రభుత్వము శాసించినను, అడిగినంతనే అవి చేతికి వచ్చుచునే యున్నవి.

కావున పాఠకులారా, తామరకని ఇచ్చిన గొట్టముపై క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ అను పేర్లు కనబడినచో వాపసు చేయుడు. వైద్యుడిచ్చిన పూతను మచ్చకు వ్రేలెడు మేర ఆవలివరకు రాచి, మచ్చ మాసిన పిదపను కనీసము రెండు వారములు కొనసాగింపుడు. తువాలు ఎవరిది వారికే యుండనిండు. ఇంటిలో దురద గలవారినందరిని ఒక్కమారే చూపింపుడు.