పక్కన కూర్చున్నవాళ్ళని వినడం

జాజ్ వినేవాళ్ళకి ఒక పిచ్చి ఉంటుంది. పాట నచ్చితే పాట దగ్గర ఆగరు. పియానో ఎవరు, బేస్ ఎవరు, రికార్డు చేసింది ఏ తేదీన, అదే రోజు ఇంకేం వాయించారు, ఇవన్నీ తేలేదాకా నిద్రపట్టదు. 1936లో పారిస్‌లో షార్ల్ దెలోనే అనే అభిమాని ఈ పిచ్చిని ఏకంగా పుస్తకం చేశాడు. పేరు 'హాట్ డిస్కోగ్రఫీ'. ఏ రికార్డులో ఎవరెవరు వాయించారో చెప్పే జాబితా అది. పండితులు ఇంకా పట్టించుకోని సంగీతానికి అభిమానులే చిట్టా రాసుకున్నారన్నమాట.

ఈ పిచ్చి వల్ల బతికినవాళ్ళున్నారు. హెర్బీ నికల్స్ సంగతి చూడండి. న్యూయార్క్ పియానిస్టు. 1955, 56ల్లో బ్లూ నోట్ కంపెనీ రికార్డులు చేసింది, అవి అమ్ముడుపోలేదు. బిల్లీ హాలిడే పేరుతో అందరికీ తెలిసిన 'లేడీ సింగ్స్ ద బ్లూస్' బాణీ ఈయనదే. అయినా పొట్టకూటికి ఎవరెవరి బ్యాండ్లలోనో పాతకాలపు డిక్సీలాండ్ వాయించుకుంటూ బతికాడు. 1963లో, 44 ఏళ్ళకే, లుకేమియాతో పోయాడు. మూడేళ్ళ తర్వాత ఎ.బి. స్పెల్మన్ తన పుస్తకంలో నలుగురు సంగీతకారుల గురించి రాస్తూ నికల్స్‌కి ఒక భాగం ఇచ్చాడు. 1987లో మొజాయిక్ అనే చిన్న సంస్థ ఆ బ్లూ నోట్ రికార్డులన్నీ ఒక పెట్టెలో పెట్టి తెచ్చింది. నికల్స్ దగ్గర వాయించిన ట్రాంబోన్ వాద్యకారుడు రాస్వెల్ రడ్ అయితే, ఎవరూ రికార్డు చెయ్యని ఆయన రచనల్ని దశాబ్దాల పాటు మోసి, 90ల్లో రెండు ఆల్బమ్‌లు చేశాడు, తర్వాత స్వరాలు పుస్తకంగా అచ్చేశాడు. ఇవాళ నికల్స్‌ని మనం వింటున్నామంటే కారణం ఈ కొద్దిమందే.

ఈ అలవాటుని మన సంగీతం వైపు తిప్పితే ఏమవుతుంది? ఇక్కడ నేను చెప్పాలనుకున్నది అదే.

మా వైపు నుంచి జాజ్ దాకా దారి వేసినాయన ఎలాగూ ఉన్నాడు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు, తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి'లో చేరాడు. కానీ శ్రీనివాస్‌ని ఎవరూ కొత్తగా వెతికిపెట్టక్కర్లేదు, ఆయన వేదిక మధ్యలో కూర్చున్నవాడు. నన్ను లాగుతున్నది ఆ పక్కన కూర్చునేవాళ్ళు.

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి హైవే మీద బస్సులో వెళ్తుంటే పూళ్ళ, భీమడోలు దగ్గర ఎడమచేతి వైపు చేపల చెరువులు మొదలవుతాయి, అవి అలా కొల్లేరు దాకా పోతాయి. ఇంకాస్త ముందుకెళ్ళి, ఏలూరు ఇదిగో వచ్చేసింది అనుకునేలోపు సోమవరప్పాడు. ఇంజనీరింగ్ రోజుల్లో ఎన్నిసార్లు ఆ ఊరు దాటానో లెక్కలేదు. వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి 1926లో పుట్టింది ఆ ఊళ్ళోనే.

మొదట మాగంటి జగన్నాథం చౌదరి దగ్గర, తర్వాత పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర నేర్చుకున్నారు. పారుపల్లి వారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన గురువు త్యాగరాజు. అంటే సోమవరప్పాడు కుర్రాడికీ త్యాగరాజుకీ మధ్య ముగ్గురే. విజయవాడ రేడియో కేంద్రం మొదలైన 1948లోనే అందులో చేరి 1986 దాకా పనిచేశారు. వందన అనే రాగం, త్రినేత్రాది, వేదాది అనే తాళాలు కల్పించారు. 2021లో పద్మశ్రీ ప్రకటించేనాటికి ఆయనకి 94 ఏళ్ళు.

చూస్తే ఇది నికల్స్ కథలా లేదు కదా. ఉద్యోగం ఉంది, శిష్యులున్నారు, ఆలస్యంగానైనా బిరుదుంది. మరి మరుగున పడింది ఏమిటి? నా మటుకు, మరుగున పడింది ఆయన వాయించిన సంగీతం. అదీ మన చెవుల్లోనే.

కచేరీలో గాయకుడి ఎడమపక్కన వయొలిన్ ఉంటుంది. రాగాలాపనలో గాయకుడు ఒక సంచారం పాడతాడు, వయొలిన్ దాన్ని అరక్షణం వెనకగా అందుకుంటుంది. మా భాషలో చెప్పాలంటే ఆ ఆలస్యమే అసలు విషయం. ఎక్కువైతే వెనకబడిపోయినట్టు, తక్కువైతే పైన పడిపోయినట్టు. గాయకుడు ఊపిరి తీసుకునే ఖాళీలో చివరి స్వరాన్ని పట్టుకుని నిలబెట్టాలి, లేకపోతే రాగం గాలిలో తెగిపోతుంది. తన వంతు వచ్చినప్పుడు అదే రాగాన్ని అంతకంటే తక్కువ సమయంలో, గాయకుడు కట్టిన రూపం చెడకుండా, అలాగని అచ్చుగుద్దినట్టూ కాకుండా చెప్పాలి. కల్పనస్వరాల్లో అతను విసిరిన లెక్కకి అక్కడికక్కడే జవాబివ్వాలి. జాజ్‌లో నాలుగేసి బార్లు పంచుకుని వాయించుకోవడం తెలిసినవాళ్ళకి ఈ ఆట ఇట్టే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ ఎంతసేపు ఏం పాడాలో గాయకుడి ఇష్టం. రెండోవాడికి ముందే ఏమీ తెలియదు.

ఇప్పుడు ఆ గాయకుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ అనుకోండి. మూడు స్థాయిల్లో ఎక్కడి నుంచి ఎక్కడికైనా దూకే గొంతు. పైగా ఆయన స్వయంగా వయొలిన్, వయోలా వాయించేవారు, అంటే పక్కన జరిగే ప్రతి పొరపాటూ తెలిసిపోయే మనిషి. బాలమురళి, అన్నవరపు ఇద్దరూ పారుపల్లి వారి శిష్యులే. ఒకే ఇంట్లో మాటలు నేర్చుకున్న ఇద్దరిలో ఒకరు వాక్యం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో రెండోవారికి తెలుస్తుంది. ఇద్దరూ కలిసి చేసినవి వింటుంటే నాకు కమాను గొంతుని వెంటాడుతున్నట్టు ఉండదు, అది వచ్చే చోటుకి ముందే వెళ్ళి కూర్చున్నట్టు ఉంటుంది. దీన్ని 'సహకారం' అనేస్తే సరిపోతుందా?

మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మనం పక్కవాద్యం అంటాం, వాళ్ళు సైడ్‌మన్ అంటారు. రెండు భాషల్లోనూ 'పక్క' అనే మాటే. కానీ బ్లూ నోట్ అట్ట వెనక ఆ పక్కవాడి పేరు తప్పకుండా ఉంటుంది. మన రేడియో కూడా ఆ మర్యాద పాటించింది. కచేరీకి ముందు, తర్వాత వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అని ప్రకటించేవారు. ఇప్పుడు యూట్యూబ్‌లో నాకు తగిలే పాత రేడియో రికార్డింగులు చాలావరకు ఆలాపన మొదటి స్వరంతోనే మొదలవుతాయి. 'పాట కానిది' అని ఎవరో కత్తిరించేశారు. ఆ కత్తిరింపులో పోయింది పది సెకన్లే, కానీ ఇద్దరు మనుషుల పేర్లు వాటితోపాటే పోయాయి. ఫైలుకి 'ఆర్టిస్ట్' అనే గడి ఒక్కటే ఉంటే అందులోకి ఒక్క పేరే ఎక్కుతుంది. మృదంగంలో దండమూడి రామ్మోహనరావు లాంటివారిది కూడా ఇదే పరిస్థితి.

అయితే జాజ్ అభిమానుల దారిని ఉన్నదున్నట్టు తెచ్చుకోవడం మీద నాకో అభ్యంతరం ఉంది. వాళ్ళ కథ ఎప్పుడూ ఒకటే: లోకం గుర్తించని మేధావి, పేదరికం, చావు, ఆ తర్వాత కీర్తి. పక్కనున్నవాడిని మధ్యకి లాగి ఇంకో తారని చెయ్యడంతో అది ముగుస్తుంది. నికల్స్‌కి అది కుదిరింది, ఎందుకంటే ఆయన రచనలు కాగితం మీద ఉన్నాయి, రాస్వెల్ రడ్ వాటిని వేరుగా తీసి వాయించగలిగాడు. పక్కవాద్యం అలా కాదు. గాయకుడి గొంతు తీసేస్తే ఆ వయొలిన్‌కి అర్థం ఉండదు. దాని గొప్పతనమంతా ఇంకొకరితో ఉన్న సంబంధంలో ఉంది. 'అన్నవరపు గాయకుడి కంటే గొప్పగా వాయించారు' అని రాసే అభిమాని ఆయన్ని పొగుడుతున్నాననుకుంటాడు, కానీ ఆయన జీవితమంతా చేసిన పనినే కాదంటున్నాడు.

పక్కన ఉండటమే వాళ్ళ ధర్మం, పేర్ల గొడవెందుకు అనే పెద్దలూ ఉన్నారు. అందులో సగం నిజముంది. వేదిక మీద ఒదిగి ఉండటం వాయించేవాడి ధర్మం. వినేవాడు కూడా అతన్ని వదిలెయ్యాలని ఆ ధర్మం ఎక్కడా చెప్పలేదు.

కాబట్టి మనం చెయ్యాల్సిన పునరావిష్కరణ చిన్నది, కాస్త విసుగు పుట్టించేది కూడా. మీ ఇంట్లో పాత రేడియో క్యాసెట్లుంటే కంప్యూటర్‌కి ఎక్కించేటప్పుడు ప్రకటన కత్తిరించకండి. ఎక్కడ పెట్టినా వయొలిన్, మృదంగం పేర్లు టైపు చెయ్యండి, తేదీ తెలిస్తే తేదీ కూడా. అన్నవరపు సహకరించిన కచేరీ ఏది దొరికినా రెండుసార్లు వినండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి గాయకుడు ఊపిరి తీసుకునే చోట్ల మాత్రమే చెవి పెట్టి. అక్కడ నిశ్శబ్దం ఉండదు, ఒక సన్నటి తీగ ఉంటుంది. ఇన్నాళ్ళూ దాన్ని కూడా గాయకుడి ఖాతాలోనే వేసేశాం.