గద్దె మీద చీర విప్పే పనితనం

పెళ్లి బట్టలకు వచ్చిన ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, తెల్లటి పరుపు మీద ఒక్కో చీరా విప్పి చూపించి, చివరికి అందరూ తృప్తిగా లేచి వెళ్లేలా చేయడానికి మాటకారితనం ఒక్కటే చాలదు. విజయవాడ వస్త్రలతలోనూ, సికింద్రాబాద్ జనరల్ బజారులోనూ, చీరాల కొట్లలోనూ కుర్రాళ్లు పెద్ద సేల్స్‌మన్ పక్కన చీరలు మడతపెడుతూ ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య ఇది. ఆ పెద్దవాళ్లలో నన్ను బాగా ఆకట్టుకున్నది ఒకటుంది: బీరువా నిండా సరుకున్నా వాళ్లు చాలా తక్కువ చీరలు విప్పుతారు.

‘ఎంతలో చూపించమంటారు?’ అని మొదలుపెట్టేవాడికి ఇంకా పని రానట్టే. నలుగురి ముందు ఆ ప్రశ్న వేస్తే ఎవరైనా మొహమాటానికి ఏదో ఒక అంకె చెబుతారు. అనుభవమున్నవాడు ‘ఎవరికమ్మా, పెళ్లికూతురికా, పెట్టుబడులకా?’ అని అడుగుతాడు. పెట్టుబడి చీరలైతే ఎన్ని కావాలన్నది ముందు తేలాలి. తలంబ్రాల చీరైతే రంగు, ఇంటి ఆనవాయితీ. ఆ జవాబులోనే ధర సగం తెలిసిపోతుంది. మిగతా సగం కోసం మధ్యరకం చీరలు రెండు మూడు వేసి ఊరుకుంటాడు. ఆవిడ చెయ్యి ఏ అంచు మీదికి వెళ్లిందో చూస్తాడు. నోటితో ‘బాగాలేద’ంటూనే వేళ్లతో జరీ తడిమేవాళ్లు ఎంతమందో!

విప్పడంలోనూ వరస ఉంది. ముందు కొంగు, తర్వాత అంచు, ఆ తర్వాత ఒంటి బుటా. చూపు ఇంకా నిలిచి ఉంటేనే చీర మొత్తం పరుస్తాడు. వద్దన్న చీర క్షణంలో మడతపడి కళ్ల ముందు నుంచి వెళ్లిపోవాలి, లేకపోతే ఆ గుట్టలో నచ్చిన చీర కూడా వెలవెలబోతుంది. నచ్చినవి మూడో నాలుగో పక్కన చేరగానే కొత్తవి తీయడం ఆపేస్తాడు. ‘ఇంకా చూపించు’ అంటే, ‘ఉన్నాయమ్మా, ముందు వీటిలో ఒకటి తీసేద్దాం’ అంటాడు. ఏది కావాలో తేల్చుకోలేనివాళ్లు కూడా ఏది వద్దో చప్పున చెప్పేస్తారు. ట్యూబ్‌లైట్ కింద రంగు మోసం చేస్తుంది కాబట్టి, అడగకముందే చీర పట్టుకుని గుమ్మం దగ్గరి ఎండ వెలుగులోకి తానే వెళ్తాడు.

డబ్బిచ్చేది ఒకరు, కట్టుకునేది ఒకరు, వంకపెట్టేది మేనత్త. మేనత్తతో వాదన పెట్టుకుంటే బేరం పోయినట్టే. ‘అంచు మీరే చెప్పండమ్మా, పెద్ద అంచా, చిన్నదా?’ అని ఆవిడకే పెద్దరికం ఇవ్వాలి. ఫోన్ చూసుకుంటున్న పెళ్లికూతురి భుజాన చీర వేసి అద్దం ముందు నిలబెడితే, అంతవరకూ సాగిన చర్చ చాలాసార్లు అక్కడితో ముగుస్తుంది.

ధర ఎక్కువన్నప్పుడే అసలు పనితనం బయటపడుతుంది. చేతకానివాడు వెంటనే తగ్గిస్తాడు. చేతనైనవాడు చీరను తిరగేస్తాడు. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు అద్ది నేస్తారు, అందుకే రెండు వైపులా డిజైన్ ఒకేలా కనిపిస్తుంది. అచ్చు వేసిన నకిలీకి వెనక వైపు వెలిసినట్టుంటుంది. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసేచోట వేలు పెట్టి చూపించాలి. పోచంపల్లి చీర ఒక్కదానికి ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. దానివల్ల తల్లి పడే భుజాల నొప్పి చూడలేకే నేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ సంగతి తెలిసి చెప్పే సేల్స్‌మన్ దగ్గర కొన్నవాళ్లు ధర గురించి గొణగడం నేను చూడలేదు.

ఇంకా అనుమానమంటే కొంగు చివరి పోగు ఒకటి తీసి కాల్చడమే. పట్టయితే వెంట్రుక కాలిన వాసనొచ్చి బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది. పవర్‌లూమ్ చీర అమ్మడం తప్పేమీ కాదు, తక్కువలో కావాలనుకునేవాళ్లకు అదే దారి. దాన్ని చేనేత అని అంటగట్టడం మాత్రం మగ్గం మీద కూర్చున్నవాడి నోటి ముద్ద లాక్కోవడమే. కొన్ని రకాల చీరల్ని చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టమే వచ్చింది. పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ ఉన్నాయి. వాటిని అడిగేదాకా ఆగకుండా చూపించాలి.

బేరంలో తగ్గించేదేదో ఒక్కసారే తగ్గించాలి. అడిగినప్పుడల్లా వంద దిగితే, ఇంకా అడిగితే ఇంకా దిగుతాడన్న ఆశ పుడుతుంది. పొద్దున్నే బోణీ బేరమైనా ఇంతే. అక్కడితో ఆగి, ‘ఫాల్ నేను కుట్టించి ఇస్తానమ్మా’ అంటే ఇద్దరికీ గౌరవం. కొనకుండా లేచినవాళ్ల ముందు చీరలు విసురుగా మడతపెట్టకూడదు. పెళ్లి బట్టలకు నాలుగు కొట్లు తిరగడం మామూలే, తిరిగి తిరిగి మర్యాదగా మాట్లాడిన కొట్టుకే వస్తారు.

డబ్బు చేతికొచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. మడతలు అప్పుడప్పుడూ మార్చమని, లేకపోతే మడత దగ్గర జరీ విరుగుతుందని చెప్పి పంపాలి. బిల్లు మీద ‘చీర’ అని రాసి సరిపెట్టకుండా పట్టో, మిక్స్‌డో, చేనేతో, పవర్‌లూమో రాసివ్వాలి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డును చూపించి లోపమున్న చీరను తిప్పి పంపడం ఇప్పుడు కుదరదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోగా అలాంటి సరుకు వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపారమే. చిరుగు చీరతో వచ్చినావిడను నిలబెట్టి ప్రశ్నలు వేయకుండా, ముందు గద్దె మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, చీర వెలుగులో చూసి, మార్చి ఇవ్వాలి.